పసుపు పిందెను కోసి చూశాకే మందు మాట: గజ్వేల్ దగ్గర ఒక ఎకరం కాకర

గజ్వేల్ పక్క ఊళ్ళో ఎర్ర చెలక. రాతి కడీల మీద జీఐ (జింక్ పూత ఇనుప) తీగ లాగి కట్టిన శాశ్వత పందిరి. దాని మీద ఎకరం హైబ్రిడ్ కాకర, వానాకాలం పంట. మే నెలలో ప్రోట్రేలలో (గుంతల ప్లాస్టిక్ ట్రేలలో) నారు పోసి, రెండు ఆకులు విచ్చుకోగానే జూన్ మొదట్లో నాటారు. జులై చివర్లో కోత మొదలైంది. తొలి రెండు కోతలు కళ్ళకద్దుకునేలా వచ్చాయి. ఆ తర్వాత పిందెలు పసుపుపచ్చగా మారడం, కాయలు వంకర తిరగడం, తీగ మీదే కుళ్ళి రాలడం మొదలైంది. ఆగస్టు మొదటి వారానికి ప్రతి మూడు కాయల్లో ఒకటి వంటిమామిడి మార్కెట్‌కు పోకుండా గెట్టు మీద కుప్పలో పడుతోంది.

సలహా కోసం నన్ను పిలిచేనాటికే ఆ రైతు మందుల మీద మందులు మార్చి ఉన్నారు. "మూడొద్దులకోసారి కొడ్తనే ఉన్న సార్. దుకాణపాయన ఏదిస్తే అది తెచ్చిన. ఇగ నాతోని అయితలేదు" అన్నారు. ఫోన్‌లో ఫొటోలు పంపుతానన్నారు గానీ, ఈ లక్షణానికి ఫొటో చాలదు. పసుపు పిందె ఫొటో చూసి మందు చెప్పడమంటే జ్వరం అనగానే మాత్ర రాసిచ్చినట్టే. పిందె పసుపు రంగుకు తిరగడానికి కాకరలో కనీసం మూడు నాలుగు వేర్వేరు కారణాలుంటాయి. వాటికి పరిష్కారాలు కూడా వేర్వేరు. కొన్నిసార్లు ఒకదాని మందు ఇంకొకదాన్ని పెంచుతుంది. ఈ తోటలో సరిగ్గా అదే జరిగింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తోట స్థితి

ముందు బాగున్నవి చెప్పాలి. ఎందుకంటే ఈ దంపతులు పంట పెట్టడంలో ఏ లోటూ చేయలేదు. ఎత్తు బెడ్లు, డ్రిప్, పైన వెండి-నలుపు మల్చింగ్ షీట్. వరుసకు వరుసకు 6 అడుగులు, మొక్కకు మొక్కకు 2 అడుగులు. ఈ లెక్కన ఎకరాకు 3,600 మొక్కలు పైచిలుకు పడతాయి, 600 నుంచి 700 గ్రాముల విత్తనం సరిపోతుంది. కాకర గింజకు పెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి, మొలక పగిలాక ట్రేలో పెట్టారు. దుక్కిలో ఎకరాకు 8 టన్నుల పశువుల ఎరువు వేశారు. తీగలు పందిరెక్కి అల్లుకున్న తీరు చూస్తే ఆకు కళగా ఉంది.

ఒక్క విషయం మాత్రం నాకు మొదటి చూపులోనే అనుమానం కలిగించింది. ఆకు మరీ ముదురుపచ్చగా, మరీ దట్టంగా ఉంది. డ్రిప్‌లో యూరియా ఎంత వదిలారని అడిగితే, కాయ పాడవుతోందని భయపడి బలం కోసం రెండింతలు చేశామన్నారు. కాకరకు ఎకరాకు మొత్తం మీద 32 నుంచి 40 కిలోల నత్రజని చాలు. అదీ ఒకేసారి కాదు, నెల లోపు కొంత, పూత పిందె దశలో మిగతాది. నత్రజని ఎక్కువైతే తీగ సాగుతుంది, మగపూలు పెరుగుతాయి, పందిరి కింద గాలి ఆడదు. ఇవన్నీ కాయకు నష్టం చేసేవే. ఆ రోజు నుంచే యూరియా ఆపించి, పొటాష్ వైపు తిప్పాం.

పందిరికి తూర్పు గెట్టు వెంబడి పక్క రైతు మక్క చేను ఉంది. ఉత్తరాన ముళ్ళ కంచె, దాని మీద కాకిదొండ తీగ విచ్చలవిడిగా అల్లుకుంది. పడమట వీళ్ళదే పాత బీర మడి. ధర పడిపోయిందని కోత ఆపేసి అట్లాగే వదిలేశారు, ముదిరిన కాయలు కింద కుళ్ళుతున్నాయి. దక్షిణాన కొంచెం దూరంలో మామిడి తోట. ఈ నాలుగు దిక్కులూ గుర్తుపెట్టుకోండి, నాలుగింటికీ ఈ కేసులో పాత్ర ఉంది.

బుట్టెడు పిందెలు, రెండు కుప్పలు

రైతు భార్య అప్పటికే ఉదయం కోత ముగించి, పాడైన వాటిని వేరు చేసి బుట్టలో ఉంచారు. కాయ కోసేది ఆమే, ఏరేది ఆమే. కాబట్టి అడగాల్సింది ఆమెనే. "ఎక్కడ ఎక్కువ పాడైతున్నయి అమ్మా?" అంటే తడుముకోకుండా చెప్పారు: "మక్క చేను దిక్కున్న సాళ్ళల్ల ఎక్కువ సార్. నడిమిట్ల గంత లేదు. కానీ నడిమిట్ల పిందె నిలుస్తలేదు, సూది లెక్క సన్నగైతున్నది."

ఆ ఒక్క మాటలోనే సగం రోగనిర్ధారణ ఉంది. అంచున ఒక రకం నష్టం, నడుమ ఇంకో రకం. అంటే రెండు జబ్బులు కలిసి ఉన్నాయన్న మాట.

వేపచెట్టు కింద కూర్చుని బుట్టలోని పిందెలన్నీ నిలువునా కోశాం. మొదటి కుప్పలోకి వెళ్ళినవి ఇలా ఉన్నాయి: కాయ మీద ఎక్కడో ఒకచోట గోధుమరంగు చుక్క, దాని పక్కన ఎండిన జిగురు బొట్టు. ఆ చుక్క ఉన్న వైపు పెరుగుదల ఆగి, రెండో వైపు పెరగడంతో కాయ కొడవలిలా వంగింది. కోస్తే లోపల గుజ్జు నీరుకారి, తెల్లటి, కాళ్ళు లేని పురుగులు కదులుతున్నాయి. బయటకు తీసి గట్టి నేల మీద వేస్తే ఒళ్ళు విల్లులా వంచి ఎగిరి దూకాయి. ఇలా దూకితే ఇక సందేహం అక్కర్లేదు, పండు ఈగ పురుగే.

రెండో కుప్పలోని వాటికి ఎక్కడా చుక్క లేదు, జిగురు లేదు. తొడిమ దగ్గర కాస్త లావు, కొస వైపు సన్నం. పసుపు రంగు పూకొస నుంచి పైకి పాకింది. కోస్తే పురుగు లేదు, కుళ్ళు లేదు. గింజ ఉండాల్సిన చోట పల్చటి తొక్కలు మాత్రమే. ఇవి పురుగు పట్టిన పిందెలు కావు. పుప్పొడి అందని పిందెలు.

రెండు కుప్పలూ దాదాపు సమానంగా తేలాయి. ఆ రైతు రెండో కుప్పకు కూడా పురుగుమందే కొడుతున్నారు. అందులో పురుగే లేదు.

పుప్పొడి ఎందుకు అందలేదు

కాకర తీగకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ముందు మగపూలు వస్తాయి, ఆ తర్వాత కింద బుల్లి కాయతో ఆడపూలు. ఒక్క ఆడపువ్వుకు పది, పదిహేను మగపూలు పూయడం మామూలే. పూలు తెల్లవారుతూనే విచ్చుకుంటాయి. పుప్పొడి పనిచేసేది ఆ ఉదయం కొన్ని గంటలే. ఎండెక్కితే పువ్వు వాడుతుంది, ఆ పువ్వుకు మరో రోజు లేదు. పుప్పొడి జిగటగా ఉంటుంది కాబట్టి గాలికి పోదు, తేనెటీగ మోయాల్సిందే. గింజలు కట్టకపోతే కాయ పెరగదు. కొన్ని గింజలే కడితే కాయ ఆ మేరకే లావెక్కి, మిగతాది సూదిలా మిగిలిపోతుంది.

మందు ఏ పొద్దున కొడుతున్నారని అడిగాను. "పొద్దుగాల ఏడింటికి సార్, ఎండ రాకముందు." ఎంతో శ్రద్ధగల రైతు చెప్పే జవాబే ఇది. ఎండలో మందు కొట్టకూడదని ఎవరో సరిగ్గానే చెప్పారు. కానీ కాకరలో ఏడు గంటలంటే తేనెటీగ పూల మీద ఉండే వేళ. మరునాటి ఉదయం ఆరున్నరకు పందిరి కింద నిలబడి చూస్తే, అంత పూతలో తేనెటీగలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వానాకాలం మబ్బు రోజుల్లో అవి ఎలాగూ తక్కువే తిరుగుతాయి. ఆ ఉన్నవాటి మీదే మూడు రోజులకోసారి మందు పడుతోంది.

కాబట్టి మొదటి సలహా ఖర్చు లేనిది: ఉదయం మందు పూర్తిగా బంద్. తప్పనిసరైతే సాయంత్రం ఐదు దాటాక మాత్రమే. ఈ తోటలో అన్నిటికంటే త్వరగా ఫలితమిచ్చింది ఇదే. వారం పది రోజుల్లో నడిమి సాళ్ళలో పిందె నిలబడటం కనిపించింది.

డబ్బా నిండా ఈగలు, అయినా కాయ పాడు

పందిరికి అక్కడక్కడా ఎర చుట్టిన డబ్బాలు వేలాడుతున్నాయి. మామిడి తోట వాళ్ళు మిగిలినవి ఇచ్చారట. "డబ్బా నిండా ఈగలు వడ్తున్నయ్ సార్, మరి కాయెందుకు ఖరాబైతున్నది?" అన్నది రైతు ప్రశ్న. న్యాయమైన ప్రశ్న.

డబ్బా విప్పి ఈగలను తెల్ల కాగితం మీద పోశాం. అన్నీ నల్లటి వీపు, వీపుకు రెండు పక్కలా పసుపు చారలు, రెక్కలు మచ్చలేని అద్దంలాంటివి. ఇవి మామిడి, జామ కాయలను కుట్టే ఈగలు. ఆ డబ్బాల్లో ఉన్న ఎర మిథైల్ యూజినాల్. దానికి వచ్చేది మామిడి ఈగ మగవి. కాకరను కుట్టే ఈగ వేరు. ఎరుపు కలిసిన గోధుమరంగు ఒళ్ళు, వీపు నడుమ కూడా ఒక పసుపు చార, రెక్కల అంచున ముదురు పట్టీ, ఆ పట్టీ కొస దగ్గర వెడల్పై మచ్చలా కనిపిస్తుంది. దీని మగవాటిని పిలిచే ఎర క్యూ లూర్. కాకర, బీర, సొర, పొట్ల, దోస, గుమ్మడి, దొండ... తీగజాతి అన్నిటికీ ఇదే. మిథైల్ యూజినాల్ ఎంత మంచిదైనా ఈ ఈగ దాని జోలికి రాదు.

నిజానికి ఆ డబ్బాలు హాని కూడా చేస్తున్నాయి. పక్క మామిడి తోటలోని ఈగలను ఇక్కడికి రప్పించి, పని జరుగుతోందన్న భ్రమ కలిగించాయి. దుకాణంలో "పండు ఈగ లూర్" అని అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు మామిడిదే. పొట్లం మీద క్యూ లూర్ అని ఉందా లేదా చదివి కొనాలి. చదవడం రాకపోతే నాలుగు రోజుల తర్వాత డబ్బాలోని ఈగ రెక్క చూడాలి. మచ్చ ఉంటే మన ఈగ, లేకపోతే పక్కవాళ్ళది.

ఈగ ఎక్కడ బతుకుతుందో, మందు ఎక్కడ పడుతోందో

ఈ ఈగ బతుకు నాలుగు చోట్ల గడుస్తుంది. తల్లి ఈగ లేత కాయను కుట్టి తొక్క కింద గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి, పురుగు లోపలి గుజ్జు తింటూ పెరుగుతుంది. బాగా పెరిగాక కాయలోంచి బయటపడి మట్టిలో దూరి, వేలెడు లోతు దాటకుండానే కోశం కట్టుకుంటుంది. వానాకాలంలో వారం పైన కొద్ది రోజులకే అందులోంచి రెక్కల ఈగ వస్తుంది. అది వెంటనే గుడ్లు పెట్టదు. పది రోజుల పైన మాంసకృత్తులున్న తిండి తిని, జత కట్టి, అప్పుడు మొదలుపెడుతుంది. ఆ పది రోజులూ, ఆ తర్వాత కూడా రాత్రుళ్ళు, ఎండ వేళ, అది కాకర మీద ఉండదు. పక్కనున్న పొడవాటి పైరు ఆకుల అడుగున నీడలో కూర్చుంటుంది. కుట్టడానికి మాత్రమే తోటలోకి వచ్చి వెళ్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. గుడ్డు తొక్క కింద. పురుగు గుజ్జులో. కోశం మట్టిలో. పెద్ద ఈగ మక్క చేనులో. మందు పడేది కాకర ఆకు మీద. రైతు ఎంత ఖరీదైన మందు తెచ్చినా ఈగ ఉన్న చోటికి అది చేరడం లేదు. రైతు భార్య చెప్పిన మక్క వైపు సాళ్ళ సంగతి ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

ఇంకో మాట. కాకరను రెండు మూడు రోజులకోసారి కోస్తాం. మూడు రోజులకోసారి మందు కొడితే, కొట్టిన మందు కాయ మీద ఆరీ ఆరకముందే ఎవరి వంటింటికో చేరుతుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు ఆరోగ్యం కోసమని కాకర రసం పచ్చిగా తాగుతున్నారు. వాళ్ళు గ్లాసులో పోసుకునేది ఏమిటో పందిరి కింద నిలబడ్డవాళ్ళకు తెలుసు. నేను ఏ రైతుకైనా ఇది మొహం మీదే చెబుతాను, ఈ రైతుకూ చెప్పాను. ఆయన ఇంట్లో తినే కాయలకు రెండు తీగలు విడిగా, మందు కొట్టకుండా ఉంచుకున్నారు. మార్కెట్‌కు పోయే కాయ కూడా ఆ రెండు తీగల కాయలా ఉండాలన్నదే మా ఇద్దరి మధ్య ఒప్పందమైంది.

గెట్టు మీది కుప్ప

పనిలో మొదటిది ఆ కుప్ప. పాడైన కాయలు రోజూ అక్కడే పోస్తున్నారు. పైన ఎండిపోయినట్టు కనిపిస్తున్నా, పక్కకు జరిపి కింద మట్టిని నాలుగు వేళ్ళ లోతు గీకితే గోధుమరంగు కోశాలు దోసిళ్ళకొద్దీ వచ్చాయి. రైతు భార్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మేమే పెంచుతున్నమా సార్ వీటిని?" అన్నారు. అది వాళ్ళ తప్పు కాదు. పాడైన కాయను గెట్టు మీద వేయడం ఊరంతా చేసే పనే, ఎవరూ వాళ్ళకు వేరేలా చెప్పలేదు.

కుప్ప కింది మట్టిని తవ్వి తీసి, పాత కాయలతో సహా రెండడుగుల గుంతలో పూడ్చి పైన మట్టి గట్టిగా తొక్కించాం. పైపైన పూడిస్తే లాభం లేదు, ఈగ మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది. ఆ రోజు నుంచి పాడైన కాయ నేల మీద పడకూడదన్నది నియమం. కోతకు వెళ్ళేటప్పుడు రెండు సంచులు: ఒకటి మంచి కాయకు, ఒకటి మందపాటి ప్లాస్టిక్ సంచి చెడ్డ కాయకు. ప్లాస్టిక్ సంచి మూతి గాలి చొరకుండా బిగించి కట్టి ఎండలో పడేస్తే లోపలి పురుగులు వేడికి చస్తాయి. గుంత తవ్వే ఓపిక లేనివాళ్ళకు ఇదే సుళువు. తీగ మీద పండిపోయిన కాయను కూడా ఉంచకూడదు. ఒక్క పండు కాయ తీగ బలాన్ని లాగేసి కొత్త పిందెను ఆపుతుంది, పైగా ఈగకు నర్సరీ అవుతుంది.

పాత బీర మడిని ఆ వారమే పీకేసి దున్నించాం. కంచె మీది కాకిదొండను కోయించాం. దాని కాయల్లోనూ ఇదే పురుగు దొరికింది. కాకర సాళ్ళ మధ్య నడిచే బాటల్లో మట్టిని కదిపి, ఎకరాకు 100 కిలోల లెక్కన వేపపిండి వేసి కలిపించాం. మట్టి తిరగేసిన రెండు మూడు రోజులు గోరింకలు బాటల వెంట దిగి ఏరుకుతిన్నాయి. కోళ్ళను వదిలినా మంచిదే, వీళ్ళింట్లో లేవు.

ఎర డబ్బాలు, బెల్లం నీళ్ళు

క్యూ లూర్ డబ్బాలు ఎకరాకు పది పెట్టాం. ఖాళీ నీళ్ళ సీసాకు పై భాగంలో నాలుగు రంధ్రాలు చేసి, లోపల తీగతో లూర్ వేలాడదీసి, అడుగున సబ్బు కలిపిన నీళ్ళు పోస్తే చాలు. రెడీమేడ్ లూర్ దొరకని చోట ప్లైవుడ్ చెక్క ముక్కను ఆల్కహాల్ 6 పాళ్ళు, క్యూ లూర్ 4 పాళ్ళు, మలాథియాన్ 1 పాలు కలిపిన ద్రావణంలో రోజంతా నానబెట్టి వాడుకోవచ్చు. డబ్బా మనిషి ఛాతీ ఎత్తులో, పందిరి నీడలో ఉండాలి. వేలాడదీసిన తీగకు కాస్త గ్రీజు పూయాలి, లేకపోతే చీమలు చచ్చిన ఈగలను మోసుకుపోతాయి, మనం ఈగలే లేవనుకుంటాం. లూర్ నెలన్నర, రెండు నెలలకోసారి మార్చాలి.

అయితే ఈ డబ్బాల్లో పడేది మగ ఈగలే. కాయను కుట్టేది ఆడది. చుట్టూ తోటల నుంచి ఇప్పటికే జతకట్టిన ఆడ ఈగలు వస్తూనే ఉంటాయి. కాబట్టి డబ్బా ఎంత నిండిందన్నది కొలత కాదు. కోతలో నూరు కాయలకు ఎన్ని కుట్టినవి వచ్చాయన్నదే కొలత. ఆ లెక్క రాసే పని రైతు భార్య తీసుకున్నారు. పాత క్యాలెండర్ వెనుక కోతకోసారి గీతలు పెట్టారు. ఈ కేసులో నాకున్న నమ్మదగిన సమాచారమంతా ఆ క్యాలెండరే.

ఆడ ఈగను పట్టేది ఆకలి దగ్గర. లీటరు నీటికి 100 గ్రాముల బెల్లం, 2 మిల్లీలీటర్ల మలాథియాన్ కలిపి, కాకర మీద కాకుండా మక్క ఆకుల అడుగున అక్కడక్కడా పెద్ద చినుకులు పడేలా కొట్టించాం. పక్క రైతును అడిగి ఒప్పించాల్సి వచ్చింది. "నా మక్కకు ఏమన్నైతదా?" అన్నారాయన. కాదని చెప్పి, మీ సొర తోటకూ మేలేనని వివరించాక సరేనన్నారు. బెల్లం వాసనకు ఈగ వచ్చి తిని చస్తుంది. తోటంతా తడపాల్సిన పని లేదు కాబట్టి మందు ఖర్చు నామమాత్రం, కాయ మీద మందు పడదు, పూల మీద తేనెటీగకు దెబ్బ లేదు. తేనెటీగ తిరగని వేళ, అంటే పొద్దు వాలాక కొట్టాలి. వారానికోసారి, వాన పడితే మళ్ళీ. పక్కన మక్క లేని తోటల్లో గెట్టు చుట్టూ రెండు సాళ్ళు మక్క కావాలని వేసుకోమంటాను, ఈగకు కూర్చునే చోటు మనమే చూపించినట్టవుతుంది.

ఫలితం వచ్చిన తీరు

మొదటి రెండు వారాలు కష్టంగా గడిచాయి. డబ్బాల్లో ఈగలు పడుతున్నాయి, బెల్లం నీళ్ళు కొడుతున్నారు, కాయ మాత్రం కుట్టించుకుంటూనే ఉంది. రైతు రెండుసార్లు దుకాణం దాకా వెళ్ళి ఆగారు. అప్పటికే మట్టిలో ఉన్న కోశాలు ఈగలై బయటకు రావాలి, అవి తమ కాలం గడపాలి, అప్పటిదాకా నష్టం ఆగదని ముందే చెప్పి ఉంచడం మంచిదైంది. ఈ మాట ముందే చెప్పకపోతే ఏ రైతూ రెండు వారాలు ఓపిక పట్టలేరు, పట్టాల్సిన అవసరమూ వాళ్ళకు కనిపించదు.

మూడో వారం నుంచి క్యాలెండర్ మీద గీతలు తగ్గాయి. ఆగస్టు మొదట్లో మూడింట ఒకటి పాడైన కాయ ఉండగా, సెప్టెంబర్ మొదటి కోతలకు పదింట ఒకటికి వచ్చింది. మక్క వైపు సాళ్ళలో మాత్రం చివరిదాకా కొంచెం ఎక్కువే. పూర్తిగా పోలేదు, పోతుందని నేను చెప్పలేదు కూడా. నడిమి సాళ్ళలో సూది పిందెలు దాదాపు కనుమరుగయ్యాయి. కాయ నిటారుగా, ఒకే లావుగా రావడంతో మార్కెట్‌లో గ్రేడింగ్‌లో తీసేసే కాయ తగ్గింది. మూడు రోజులకోసారి కొట్టే పురుగుమందుల ఖాతా దుకాణంలో అక్కడితో ఆగింది.

సెప్టెంబర్ వానలకు బూజు తెగులు వచ్చింది. ఆకు పైన పసుపు గళ్ళు, అడుగున ఊదారంగు బూజు. దట్టమైన తీగ అందుకు తోడైంది. అడుగు ఆకులు తీసేయించి, మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాముల చొప్పున సాయంత్రం కొట్టించాను. బూడిద తెగులు అనుకుని గంధకం తెచ్చారు, వద్దని ఆపాను. తీగజాతి ఆకులు గంధకానికి మాడిపోతాయి. కొన్ని మొక్కలకు వెర్రి తెగులు (వైరస్ జబ్బు) వచ్చి ఆకు ముడుచుకుంది. దానికి మందు లేదు, తెల్లదోమ మోసుకొస్తుంది. తొలి లక్షణానికే ఆ మొక్కలను పీకేయాలి, వీళ్ళు పీకడానికి మనసొప్పక ఆలస్యం చేశారు. దాంతో చివరి నెల కోతలు పలుచబడ్డాయి.

ఎకరం దాటి చూస్తే

ఈ ఈగను దేశం మొత్తం మీద ఓడించిన చోటు నాకు తెలిసి జపాన్‌లోని ఒకినావా. కాకర అక్కడి ఇంటింటి కూర, గోయా అంటారు. ఈ ఈగ ఉన్నందున జపాన్ ప్రధాన దీవులకు ఆ కాయను పంపనిచ్చేవారు కాదు. 1970లలో మొదలుపెట్టి, పిల్లలు పుట్టకుండా చేసిన ఈగలను కోట్లకు కోట్లు గాల్లోకి వదులుతూ, ఒక్కో దీవినే శుభ్రం చేసుకుంటూ పోయి 1993 నాటికి అన్ని దీవుల్లోనూ లేకుండా చేశారు. ఆ తర్వాతే గోయా దేశమంతా తిరిగింది. మన దగ్గర దీవులు లేవు, అంత పెట్టుబడీ లేదు. కానీ వాళ్ళు గెలిచింది ఒక్కో రైతు తోటను విడిగా చూసి కాదు, దీవి మొత్తాన్ని ఒకే తోటగా చూసి.

దీని అవసరం మనకు తగిలిన సందర్భం కూడా ఉంది. 2014 మే నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడితో పాటు కాకర, పొట్ల, వంకాయ, చేమ మీద నిషేధం పెట్టింది. సరుకులో పండు ఈగలు, ఇతర పురుగులు దొరకడమే కారణం. మామిడికి మరుసటి ఏడాదే అనుమతి వచ్చింది, కూరగాయలకు ఇంకా ఆలస్యమైంది. లండన్‌లోని తెలుగువాళ్ళ ఇళ్ళకు మన కాకర వెళ్ళని ఆ రోజుల్లో నష్టపోయింది ఎగుమతి కోసం శ్రద్ధగా పండించిన రైతులే.

ఇంకొకటి, ఇది మనవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. ఈ ఈగ హవాయి దీవులకు పాకినప్పుడు, దాని పురుగును లోపలే తినేసే ఒక చిన్న కందిరీగ జాతిని 1916లో అక్కడివాళ్ళు మన దేశం నుంచే పట్టుకెళ్ళారు. అలాంటి మిత్రపురుగులు మన పొలాల్లో పుట్టిపెరిగినవే. మూడు రోజులకోసారి తోటంతా తడిపే మందుకు ముందు చచ్చేది అవే.

అందుకే గజ్వేల్ కేసు ముగిశాక నేను ఎక్కువ సమయం పెట్టింది ఆ ఊరి మిగతా తీగజాతి రైతుల దగ్గర. బీర, సొర, కాకర కలిపి ఊళ్ళో ఉన్న పందిళ్ళన్నిటికీ ఒకేసారి క్యూ లూర్ డబ్బాలు పెట్టాలని, కుళ్ళిన కాయలకు అందరికీ కలిపి ఒక లోతైన గుంత తవ్వాలని కూర్చుని మాట్లాడుకున్నారు. సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళకు దగ్గరే, అక్కడివాళ్ళను ఒకరోజు పిలిచి ఈగలను చూపించి గుర్తుపట్టించమని అడగమన్నాను. లూర్ల ఖర్చు ఎకరాల లెక్కన పంచుకోవడానికి కొందరు ఒప్పుకున్నారు, ఇద్దరు ముగ్గురు ఇంకా ఆలోచిస్తున్నారు. మక్క రైతు ఒప్పుకున్నవాళ్ళలో ఉన్నారు.

కాకర పీకేశాక ఆ పందిరి మీద యాసంగికి మళ్ళీ తీగజాతి వద్దని, తీగ చిక్కుడు ఎక్కించమని చెప్పాను. ఈ ఈగకు చిక్కుడు ఇష్టమైన తిండి కాదు, మట్టికీ మార్పు దొరుకుతుంది. చిక్కుడు గింజలు తెచ్చి పెట్టుకున్నారు. కాకర తీగలను మాత్రం పందిరి మీదే ఎండనివ్వకుండా, చివరి కాయలతో సహా దించి గుంతలో పూడ్చాకే కొత్త గింజ నాటతామని రైతు భార్య ఫోన్‌లో చెప్పారు.